అల్జీరియాకు సింగిల్ కాలమ్: 2021 ఆగస్టు కార్చిచ్చులపై ఒక డెస్క్ కేస్ స్టడీ

తెలుగు దినపత్రిక అంతర్జాతీయ డెస్కులో చేరే ట్రెయినీలకు క్లాసు చెప్పమన్నప్పుడల్లా నేను 2021 ఆగస్టు పేజీలు తీస్తాను. ఆ నెల మొదటి పదిహేను రోజుల్లో టర్కీ, గ్రీస్, కాలిఫోర్నియా, సైబీరియా, అల్జీరియా ఒకేసారి తగలబడ్డాయి. ఐదింటి వార్తల కాపీలూ అవే వార్తా ఏజెన్సీల నుంచి, అదే ఫీడ్‌లో, అదే డెస్కుకు వచ్చాయి. గ్రీస్‌కు పేజీ లీడ్ (ప్రధాన వార్త), పక్కన పెద్ద ఫొటో దక్కాయి. కనీసం 90 మంది చనిపోయిన అల్జీరియాకు దక్కింది సింగిల్ కాలమ్. మిగతా పత్రికల పేజీలు పక్కన పెట్టుకుని చూసినా పెద్ద తేడా కనిపించదు.

దీనికి ట్రెయినీలు చెప్పే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: తెల్లవాళ్ల ప్రాణానికి విలువెక్కువ, ఆఫ్రికా అంటే చులకన. అది అబద్ధం అనను. కానీ ఆ జవాబుతో ఆగిపోతే రేపు షిఫ్ట్‌లో కూర్చున్నప్పుడు చేయడానికి ఏమీ మిగలదు. అందుకే ఆ పదిహేను రోజులు కాపీ ఎక్కడి నుంచి ఎలా నడిచి మా స్క్రీన్ మీదికి వచ్చిందో విడదీసి చూపిస్తాను.

ముందు పేజీ సంగతి. అంతర్జాతీయ వార్తలకు మాకు ఉండేది ఒక పేజీ. యాడ్ పడితే అది సగం. ఆ నెల దాని మీద కూడా పోటీ ఎక్కువే. 1న టోక్యోలో సింధు కాంస్యం, 7న నీరజ్ చోప్రా స్వర్ణం. ఆ రాత్రి పత్రికంతా జావెలిన్ చుట్టూనే తిరిగింది. 9న ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీ వాతావరణ నివేదిక వచ్చింది. 15న కాబూల్ తాలిబన్ల చేతిలో పడింది, దాంతో ప్రపంచంలో మంటలన్నీ పేజీలో ఒక్క రాత్రిలో ఆరిపోయాయి. అడవుల్లో మాత్రం మండుతూనే ఉన్నాయి.

ఎక్కడ ఏం జరిగింది

టర్కీలో జూలై 28న అంటాల్యా ప్రాంతంలోని మనవ్‌గాట్ దగ్గర మొదలైంది. ఆగస్టు 4న మంటలు మిలాస్ దగ్గరున్న కెమెర్‌కోయ్ థర్మల్ విద్యుత్ కేంద్రం దాకా వచ్చేశాయి. నీళ్లు చల్లే విమానాలు సొంతంగా ఎన్ని పనిచేస్తున్నాయన్న ప్రశ్న ఎర్డోగాన్ ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయింది. అదే సమయంలో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ, మంటల కవరేజీతో జనాన్ని భయపెట్టొద్దని చానెళ్లను హెచ్చరించింది.

కాలిఫోర్నియాలో జూలై 13న పుట్టిన డిక్సీ ఫైర్ ఆగస్టు 4న గ్రీన్‌విల్ అనే పాతకాలం బంగారు గనుల ఊరిని తుడిచిపెట్టింది. చివరికి అది కాల్చిన నేల 9.63 లక్షల ఎకరాలు. దీని గురించి మాకు కాపీ కొరత ఎప్పుడూ లేదు. వీధికి ఒకరి పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్న చోట, పాఠకులే ఫోన్ చేసి అడుగుతారు.

గ్రీస్‌లో ఏథెన్స్‌కు ఉత్తరాన ఉన్న ఎవియా ద్వీపంలో ఆగస్టు 3న అంటుకుని సుమారు 50,000 హెక్టార్లు కాలింది. 6వ తేదీ రాత్రి లిమ్ని రేవు నుంచి జనాన్ని ఫెర్రీల్లో తరలించారు. ఓడ డెక్ మీద నిలబడిన జనం, వాళ్ల వెనక కొండంతా నిప్పు, ఆకాశం నారింజ రంగు. ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన ఆ వీడియో గంటల్లో ప్రపంచమంతా తిరిగింది. రెండు రోజులకు గూవెస్ అనే ఊళ్లో, ఇంటి ముందు నిలబడి గుండె మీద చెయ్యేసుకుని ఏడుస్తున్న వృద్ధురాలి ఫొటో వచ్చింది. ఆ రెండు దృశ్యాలు చాలు, పేజీ తనంతట తానే తయారవుతుంది. మృతులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, అదృష్టం.

సైబీరియాలో కాలింది యాకుతియా ప్రాంతం. సంఖ్యలు చూస్తే మిగతావన్నీ దీని ముందు చిన్నవే. ఆ ఏడాది మొత్తం రష్యాలో 1.8 కోట్ల హెక్టార్లకు పైగా కాలిందని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ రష్యా లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కంటే ఎక్కువ. ఆగస్టు మొదటి వారంలో యాకుతియా పొగ 3,000 కిలోమీటర్లకు పైగా వెళ్లి ఉత్తర ధ్రువాన్ని తాకింది. అలా జరగడం నమోదైన చరిత్రలో ఇదే మొదటిసారి కావచ్చని నాసా చెప్పింది. 7న బ్యాస్-క్యుయెల్ అనే ఊళ్లో ముప్పైకి పైగా ఇళ్లు కాలిపోయాయి. రష్యాలో 2015 నుంచి ఒక నిబంధన ఉంది: జనావాసాలకు దూరంగా ఉన్న 'కంట్రోల్ జోన్'లలో, ఆర్పే ఖర్చు జరిగే నష్టం కంటే ఎక్కువనుకుంటే అధికారులు మంటను అలాగే వదిలేయొచ్చు. ఆర్పేవాళ్లే వెళ్లని చోటికి కెమెరా ఎలా వెళ్తుంది?

ఇక అల్జీరియా. 9వ తేదీ సాయంత్రం రాజధానికి తూర్పున కబైలీ కొండల్లో, టిజి ఉజు, బెజాయా ప్రాంతాల్లో ఒకేసారి చాలా చోట్ల అంటుకుంది. అక్కడ ఊళ్లు కొండ శిఖరాల మీద ఉంటాయి. కింద లోయలో, వాలు మీద ఆలివ్ తోటలు. నిప్పు కింది నుంచి పైకి వేగంగా పాకుతుంది, పైనున్న ఊరికి దిగే దారి మంటల్లోంచే. జనం కొమ్మలతో, బకెట్లతో ఆర్పడానికి దిగారు. కొండల్లో చిక్కుకున్న వందమందిని కాపాడుతూ 25 మంది సైనికులు చనిపోయారని 10న అధ్యక్షుడు టెబూన్ ట్వీట్ చేశారు. తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. 12 నుంచి మూడు రోజుల సంతాపం. సొంత అగ్నిమాపక విమానాలు లేక, అంతకు ముందు గ్రీస్‌లో పనిచేసిన రెండు విమానాలను యూరప్ నుంచి అద్దెకు తెచ్చుకున్నారు. ఈ ఒక్క వాక్యం నా దృష్టిలో ఆ రెండు దేశాల మంటలను కలిపే అసలు కథ. ఏజెన్సీ కాపీలో అది కింద ఎక్కడో పదో పేరాలో ఉంది. సింగిల్ కాలమ్‌కు కోసేటప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ పేరానే.

కాపీ నడిచి వచ్చిన దారి

ఏథెన్స్‌లో పెద్ద ఏజెన్సీలన్నిటికీ మనుషులున్నారు. కారెక్కితే కొన్ని గంటల్లో మంట దగ్గరికి వెళ్లొచ్చు. ఎవియా ఫొటోలు మధ్యాహ్నానికే ఫీడ్‌లో వరస కట్టేవి, మా ఫస్ట్ ఎడిషన్‌కు బోలెడు టైమ్. మంటలు ఆర్పడానికి ఇరవైకి పైగా దేశాలు మనుషుల్ని పంపాయి కాబట్టి ప్రతి దేశం పత్రికకూ తన సొంత కోణం దొరికింది.

అల్జీరియాలో పరిస్థితి వేరు. 2021 జూన్‌లోనే ఫ్రాన్స్ 24 చానెల్ అక్రెడిటేషన్‌ను, అంటే అక్కడ పనిచేయడానికి ఇచ్చే అధికారిక అనుమతిని, ప్రభుత్వం రద్దు చేసింది. జూలై 31న అల్ అరేబియాకూ అదే గతి. పది రోజులు తిరక్కముందే కొండలు అంటుకున్నాయి. కాబట్టి మొదటి రెండు రోజులు మాకు అందినవి ఎక్కువగా అధికారిక ప్రకటనలు, మృతుల సంఖ్య, ట్వీట్. సంఖ్య 42, తర్వాత 65, తర్వాత 90 అని పెరుగుతూ పోయింది. మనిషి మాత్రం లేడు. పేరున్న ఊరు లేదు, మాట్లాడిన తల్లి లేదు, ఫొటోలో ముఖం లేదు. సబ్ ఎడిటర్ దాన్ని మృతుల సంఖ్యతోనే మొదలుపెట్టి మృతుల సంఖ్యతోనే ముగించాడు. అతని చేతిలో ఉన్నది అదే.

ఇంకో చిన్న విషయం, బయటివాళ్లకు నవ్వు రావచ్చు. ఫ్రెంచ్ స్పెల్లింగ్‌తో వచ్చే కబైలీ ఊళ్ల పేర్లు తెలుగులో ఎలా రాయాలో డెడ్‌లైన్ టైమ్‌లో ఎవరూ తేల్చరు. తప్పు రాయడం కంటే వదిలేయడం మేలనుకుంటారు. దాంతో 'ఉత్తర అల్జీరియా కొండ ప్రాంతంలో' అని పోతుంది. ఎవియాను మాత్రం మొదటి రోజే తేల్చుకున్నాం, ఎందుకంటే అది హెడ్డింగ్‌లోకి వచ్చింది.

మూడో రోజుకు అల్జీరియా వార్త దారే మారిపోయింది. మంటలు పెట్టాడన్న అనుమానంతో, నిజానికి సాయం చేయడానికి వచ్చిన యువకుణ్ణి ఒక ఊళ్లో మూక కొట్టి చంపింది. ఆ వీడియోలు వచ్చాయి. ఆ తర్వాత ప్రభుత్వం కబైలీ వేర్పాటువాద సంస్థను, మొరాకోను నిందించింది, 24న మొరాకోతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. కాపీ పెరిగింది, కానీ అదంతా నేరం, దౌత్యం. తోట కాలిపోయిన రైతు మళ్లీ రాలేదు.

నా అంచనాలో డెస్కు ముందు వార్త వాలేసరికి నిర్ణయంలో చాలా భాగం అయిపోయి ఉంటుంది. రోడ్డు, వీసా, అక్రెడిటేషన్, సెల్ సిగ్నల్, ఏజెన్సీ ఆఫీసు ఉన్న ఊరు: ఇవన్నీ కలిసి వార్తకు సైజు కొలిచి పెడతాయి. ఆ సైజును మళ్లీ కొలిచే ఓపిక రాత్రి తొమ్మిదిన్నరకు ఎవరికుంటుంది?

ఇది ఈనాటి రోగం కాదు. 1871 అక్టోబర్ 8న షికాగో కాలింది, సుమారు 300 మంది పోయారు. అదే రాత్రి విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కలప మిల్లుల ఊరు, చుట్టుపక్కల అడవి కాలి 1,200 నుంచి 2,500 మంది దాకా చనిపోయారని అంచనాలున్నాయి. ఆ వార్త రాజధాని మాడిసన్‌కు చేరేసరికి గవర్నర్ లూషియస్ ఫెయిర్‌చైల్డ్ షికాగో బాధితులకు సాయం చేసే పని మీద అక్కడికే వెళ్లి ఉన్నాడు. సొంత రాష్ట్రంలో ఊరు బూడిదైతే సహాయ సామగ్రితో రైలును అటు మళ్లించింది ఆయన భార్య ఫ్రాన్సెస్. ఇవాళ షికాగో మంటల గురించి వినని అమెరికన్ ఉండడు. పెష్టిగో పేరు ఎంతమందికి తెలుసు?

ఎర్ర చుక్కల లెక్క

క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు మంటలను ఎర్ర చుక్కలుగా చూపే నాసా ఫైర్ మ్యాప్ తెరిచి, 'సార్, ఆఫ్రికా అంతా ఎర్రగానే ఉంది, ఎవరూ రాయడం లేదు' అంటారు. ఇక్కడే నేను అవతలి పక్షం తీసుకుంటాను.

2019 ఆగస్టులో సరిగ్గా ఇదే జరిగింది. అమెజాన్ మంటలపై ప్రపంచం గగ్గోలు పెడుతోంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 'మన ఇల్లు కాలిపోతోంది' అని ట్వీట్ చేశారు. జత చేసిన ఫొటో తీసిన ఫొటోగ్రాఫర్ 2003లోనే చనిపోయాడు, అది వేరే సంగతి. అప్పుడే ఉపగ్రహ డేటాతో ఒక లెక్క బయటికొచ్చింది: రెండు రోజుల్లో అంగోలాలో 6,902 మంటలు, కాంగో డెమొక్రటిక్ రిపబ్లిక్‌లో 3,395, బ్రెజిల్‌లో 2,127. చూశారా, ఆఫ్రికాను పట్టించుకోలేదు అని అందరూ విరుచుకుపడ్డారు.

ప్రపంచంలో ఏటా కాలే నేలలో సుమారు 70 శాతం ఆఫ్రికాదే. కానీ అందులో ఎక్కువ భాగం సవన్నా గడ్డి. వానల్లేని కాలంలో రైతులు, పశువుల కాపర్లు కాలుస్తారు, వానలకు గడ్డి మళ్లీ వస్తుంది. అమెజాన్ తడి అడవి తనంతట తాను సాధారణంగా అంటుకోదు. అక్కడ మంట ఉందంటే అంతకు ముందు ఎవరో చెట్లు నరికి ఎండబెట్టారని అర్థం. ఆ ఏడాది ఆగస్టు 10న పారా రాష్ట్రంలో నోవో ప్రోగ్రెసో చుట్టుపక్కల భూస్వాములు కూడబలుక్కుని 'అగ్ని దినం' జరుపుకున్నారు. మ్యాప్ మీద రెండూ ఎర్ర చుక్కలే.

ఆ చుక్క అంటే ఏమిటో కూడా తెలియాలి. ఉపగ్రహాల్లో ఉండే విర్స్ సెన్సర్ 375 మీటర్ల గడిని చూస్తుంది, పాత మోడిస్ సెన్సర్ కిలోమీటరు గడిని. గడిలో చుట్టుపక్కల కంటే వేడి బాగా ఎక్కువగా ఉంటే చుక్క పడుతుంది. గడి మొత్తం కాలిందని కాదు. అల్జీరియా ఎడారిలో హస్సీ మెసౌద్ చమురు బావుల దగ్గర గ్యాస్ మండే చిమ్నీలూ వేడిగానే కనిపిస్తాయి. మబ్బు, దట్టమైన పొగ అడ్డొస్తే పెద్ద మంటే మాయమవుతుంది. చుక్కలు లెక్కపెట్టి హెడ్డింగ్ పెట్టేవాళ్లను అందుకే ఆపుతాను.

హెక్టార్లదీ అదే కథ. 1974-75లో ఆస్ట్రేలియాలో 11.7 కోట్ల హెక్టార్లు కాలింది, ఆ ఖండంలో దాదాపు 15 శాతం. అదంతా ఎక్కువగా మధ్యలోని గడ్డి భూములు. ఎంత కాలిందో ఉపగ్రహ చిత్రాలు చూశాకే అర్థమైంది. 2019-20లో దానికి ఐదో వంతు కాలితే ప్రపంచం నెలల తరబడి చూసింది. అందులో తప్పేమీ లేదు, ఈసారి కాలింది జనం ఉన్న ఆగ్నేయ తీరం, యూకలిప్టస్ అడవులు, 3,000కు పైగా ఇళ్లు.

నన్ను నిజంగా కలవరపెట్టే లోటు పొగ. ఆ ఆస్ట్రేలియా మంటల్లో నేరుగా 33 మంది చనిపోతే, పొగ వల్ల 417 మంది అదనంగా చనిపోయి ఉంటారని అక్కడి పరిశోధకులు అంచనా వేశారు. 2015లో ఇండోనేషియాలో పీట్ నేలలు, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేలలు, నెలల తరబడి లోలోపల కాలాయి. ఆ పొగ మూడు దేశాల్లో కలిపి లక్ష మందికి పైగా అకాల మరణాలకు కారణమై ఉండొచ్చని హార్వర్డ్, కొలంబియా పరిశోధకులు లెక్కించారు. అలా చనిపోయినవాళ్లకు డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరు, తేదీ) ఉండదు. ఆసుపత్రి రికార్డులో గుండెపోటనో ఊపిరితిత్తుల జబ్బనో రాసి ఉంటుంది.

నల్లమల కూడా ఇంతే

అల్జీరియాకు జరిగింది దూరం వల్లేనని ఎవరైనా అంటే నల్లమల చూపిస్తాను. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అక్కడ ఏటా మంటలే. ఇప్పపూలు, తునికాకు ఏరేవాళ్ల నిప్పు, పశువుల కాపర్ల నిప్పు, పారేసిన బీడీ ముక్క. వార్త రాదా అంటే వస్తుంది. ప్రకాశం ఎడిషన్‌లో కొంత, నంద్యాలలో కొంత, పల్నాడులో కొంత, అవతల నాగర్‌కర్నూల్‌లో కొంత. ఒకే అడవి నాలుగు జిల్లా పేజీల్లో ముక్కలవుతుంది, ఆ నాలుగు ముక్కలూ ఎవరూ పక్కపక్కన పెట్టుకుని చదవరు. మెయిన్ ఎడిషన్ దాకా రావాలంటే 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలంలో జరిగినట్టు హెలికాప్టర్లు దిగాలి.

ఇప్పుడు మేం చేసేది

ఈ కేసు తర్వాత డెస్కులో ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎక్కడ అంటుకున్నా షిఫ్ట్‌లో ఒకరు షేర్డ్ షీట్‌లో కొన్ని గడులు నింపాలి: కాలుతున్నది గడ్డా, అడవా, పీట్ నేలా, ఇళ్లా, అక్కడ ఉండేది ఎవరు, సంఖ్యలు చెబుతున్నది ఎవరు, కాదనేవాళ్లు ఉన్నారా, పొగ ఎటు పోతోంది, విలేకరులు వెళ్లగలుగుతున్నారా. చివరి గడిలో 'లేదు' అని పడితే ఆ మాటే వార్తలో రాస్తాం. అంతకు ముందు అది మా గుట్టు, పాఠకుడికి చెప్పేవాళ్లం కాదు. ఊళ్ల పేర్లు ఎలా రాయాలో కూడా ఆ షీట్‌లోనే తేలుతుంది.

2024 ఫిబ్రవరిలో చిలీలోని వీన్యా దెల్ మార్ కొండవాలు బస్తీలు కాలి 130 మందికి పైగా చనిపోయినప్పుడు ఇది పనికొచ్చింది. లీడ్ ఇచ్చాం. అంతకన్నా ముఖ్యం, మే నెలలో ఆ మంటలు పెట్టారన్న ఆరోపణపై ఒక వాలంటీర్ ఫైర్‌మన్, అటవీ సంస్థ ఉద్యోగి అరెస్టయినప్పుడు ఫాలోఅప్ కూడా వెళ్లింది. షీట్ లేకపోతే మే నాటికి ఆ ఊరి పేరే ఎవరికీ గుర్తుండేది కాదు.

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర షీట్‌కు అసలు పరీక్ష ఎదురైంది. 7న పాలిసేడ్స్, ఈటన్ మంటలు ఒకే రోజు మొదలయ్యాయి. రెండూ కలిపి 16,000కు పైగా కట్టడాలు. ఫీడ్ నిండా పాలిసేడ్స్: సముద్రం పక్క బంగళాలు, ఏ హీరో ఇల్లు పోయింది, ఎన్ని కోట్లు. మా దగ్గర కూడా వెబ్ టీమ్ మొదటి రెండు రోజులు ఆ జాబితాలే అడిగింది, క్లిక్కులు వాటికే వస్తాయి మరి. కానీ ఎక్కువ కట్టడాలు, ఎక్కువ ప్రాణాలు పోయింది ఈటన్‌లో. అల్టడీనా అనే ఆ ఊళ్లో, మిగతా చోట్ల ఇళ్లు కొననివ్వని రోజుల్లో నల్లజాతి కుటుంబాలు కొనుక్కున్న పాత ఇళ్లు చాలా ఉన్నాయి. ఈటన్ మృతుల్లో దాదాపు అందరూ పశ్చిమ అల్టడీనా వాళ్లే. ఖాళీ చేయమన్న ఆదేశం అక్కడికి గంటల ఆలస్యంగా వెళ్లింది. ఒకే మహానగర ప్రాంతం, ఒకే రోజు, ప్రపంచంలోకెల్లా ఎక్కువ కెమెరాలున్న చోటు. అక్కడ కూడా కవరేజీ ఒక వైపే వాలింది. 'అక్కడ ఉండేది ఎవరు' అన్న గడి నింపిన సబ్ ఎడిటర్‌కు అల్టడీనా మీద బాక్స్ ఐటెమ్ అక్కడే దొరికింది.

అదే అమెరికా ఖండాల్లో 2024లో బొలీవియాలో కోటి హెక్టార్లకు పైగా కాలింది. షీట్‌లో అన్ని గడులూ నిండాయి. పేజీలోకి వెళ్లింది రెండు బ్రీఫ్‌లు, ఒక ఫొటో. స్థలం లేదన్నది నిజమే, ఫొటోలు బాగాలేవన్నదీ నిజమే. షీట్ పేజీని పెంచలేదు.

సైబీరియా విషయంలో పరిస్థితి 2021 కంటే దిగజారింది. 2023 మేలో గ్రీన్‌పీస్‌ను రష్యా 'అవాంఛనీయ సంస్థ'గా ప్రకటించడంతో అక్కడి శాఖ మూతపడింది. అధికారిక లెక్క పక్కన పెట్టుకుని సరిచూసుకోవడానికి మాకు ఉన్న రెండో గొంతు అదే. ఇప్పుడు యాకుతియా వరసలో 'సంఖ్యలు చెబుతున్నది ఎవరు' అన్న చోట ప్రభుత్వం పేరు, ఉపగ్రహం పేరు రాస్తున్నాం, 'కాదనేవాళ్లు' అన్న గడి ఖాళీగా వదులుతున్నాం. అక్కడి వార్త వాడిన ప్రతిసారీ ఆ ఖాళీ గురించి ఒక వాక్యం కాపీలో ఉండాలన్నది డెస్కు రూల్. స్థలం చాలకపోతే మృతుల సంఖ్య హెడ్డింగ్‌లోకి తీసుకుని అయినా ఆ వాక్యం ఉంచుతున్నాం.